లోపలి గడియ

ఆ మూడంతస్తుల మేడలో పై అంతస్తు చివరి తలుపు గురించి మా వీధిలో ఎవర్ని అడిగినా ముందు గొంతు తగ్గిస్తారు. తర్వాత అటూ ఇటూ చూస్తారు. ఆ తర్వాత — చేతిలో ఎంత పనున్నా సరే — కూర్చుని మొత్తం చెప్తారు.

అద్దెకి ఎవరూ నిలవని ఇల్లది. పొద్దున పూట తాళంచెవి పెట్టి తిప్పితే బుద్ధిగా తెరుచుకునే తలుపు, చీకటి పడ్డాక ఛస్తే కదలదు. చెవి తిరుగుతుంది... తాళం టక్కుమంటుంది... తలుపు మాత్రం రాదు. మనిషే లేని ఇంటికి లోపల్నించి గడియ ఎవరు పెడతారు? పైగా చెవి ఆనించి వింటే — లోతుగా, ఆగి ఆగి, ఎవరో మూలుగుతున్న చప్పుడు.

ఇల్లు చూద్దామని వచ్చిన లెక్కల మాష్టారొకాయన ఆ మూలుగు విని, గొడుగు అక్కడే వదిలేసి దిగిపోయాడు. ఆ వానాకాలమంతా తడుస్తూ తిరిగాడు కానీ గొడుగు కోసం మళ్ళీ మెట్లెక్కలేదు.

దీనికంతటికీ కారణం మిషనావిడ అని అందరి నమ్మకం. చాలా ఏళ్ళు ఆ ఇంట్లో ఒక్కతే ఉండి, బట్టలు కుట్టి బతికిన పెద్దావిడ. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. చొక్కా చేతులు పొడుగైనా, కోటు భుజం జారినా, ఆవిడ చేతిలో పడ్డాక ఇంక వంక పెట్టడానికి ఉండేది కాదట. మనిషి మంచిదే. ఒక్కటే పట్టింపు — తలుపు తట్టకుండా తోసుకొస్తే ఒప్పుకునేది కాదు. "తట్టి రావడం చేతకాదూ?" అని ఆ గుండుసూదుల మధ్యనుంచే ఒక్క అరుపు అరిచేది. ఇల్లుగలావిడ తన దగ్గరున్న చెవితో తీసుకుని తిన్నగా లోపలికొస్తే, సొంతదారనే మొహమాటం కూడా లేకుండా ఆవిడకీ అదే అరుపు.

ఒక చలికాలం ఆస్పత్రిలో నిద్రలోనే పోయింది. పోయింది కానీ ఆ ఇంట్లోంచి మాత్రం పోలేదని వీధి మాట.

ఇప్పుడు నేను చెప్పబోయేది నా కళ్ళతో చూసింది కాదు. మామయ్య చెప్పగా కొంత, అత్తయ్య చెప్పగా కొంత, బాబాయి చెప్పకుండా తప్పించుకోబోయి నోరు జారగా కొంత విన్నాను. ముగ్గురి మాటా కలవని చోట అత్తయ్య మాటే ఖాయం చేసుకున్నాను. మా ఇంట్లో అందరం చేసేది అదే.

మామయ్యంటే మా అమ్మకి తమ్ముడు. తాళాల పని. మనిషి సన్నం, పనిముట్లు ఇంకా సన్నం — తోలుసంచిలో వరసగా ఇనప పుల్లలు. అందుకని అందరికీ పుల్ల. ఎవరి తాళంచెవి పోయినా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, పుల్ల దూర్చి తాళంతో ఏదో గుసగుసలాడతాడు. కాసేపటికి తాళం మెత్తబడిపోతుంది. తాళానికి గీత పడదు, తలుపుకి దెబ్బ తగలదు.

బాబాయంటే అత్తయ్య తమ్ముడు. ఆయనదీ తాళాల పనే, అదే కొట్లో సగం. కానీ ఆయన పద్ధతి వేరు. ఆయన సంచిలోంచి వచ్చేది డ్రిల్లు. గుర్ర్ మంటూ తాళం గుండెలో చిల్లు పెట్టి, విరగ్గొట్టి, కొత్తది బిగిస్తాడు. వీధి మొత్తానికీ డ్రిల్లే. నాకు మాత్రం డ్రిల్లు బాబాయి.

కొట్టు నెత్తిన ఒక బోర్డుంది. నీలం రంగు, తెల్లక్షరాలు — "పగలగొట్టం. మార్చం. తెరుస్తాం." పెళ్ళైన కొత్తలో అత్తయ్య స్వయంగా నిచ్చెనెక్కి రాసింది. చివరి అక్షరాలకి చోటు చాలక 'తెరుస్తాం' కాస్త కిందికి వంగి గోడ పట్టుకున్నట్టుంటుంది. అప్పటికి మామయ్యకి పనీ సరిగ్గా రాదు, తన మీద తనకి నమ్మకమూ లేదు. ఆ బోర్డు చూసి, అబద్ధం కాకూడదని పని నేర్చుకున్నాడు. ఆ బోర్డంటే ఆయనకి ప్రాణం. ఈ మాట ఆయన ఎప్పుడూ పైకి అనడు, ఏటేటా ఎవరూ చెప్పకుండానే తుడిచి మళ్ళీ రంగు వేస్తాడంతే.

ఆ బోర్డు మీదే రోజూ గొడవ.

"బావా, నిజం చెప్పు. తుప్పు పట్టి రాయైపోయిన తాళం నీ పుల్లలకి వస్తుందా?" అని బాబాయి మొదలుపెడతాడు.

"రాదు."

"లోపల పన్ను విరిగింది?"

"రాదు."

"చెవి తిరుగుతూనే ఉంటుంది, ఏమీ పట్టుకోదు — అది?"

"అదీ రాదురా. విప్పి మార్చాల్సిందే."

"మరి బోర్డు మీద తెరుస్తాం అని ఎలా రాశావ్?"

"నేనెక్కడ రాశాను? మీ అక్క రాసింది."

అత్తయ్య లెక్కపుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "తెరుచుకునేవన్నీ తెరుస్తాం అని రాద్దామనుకున్నా. చోటు చాల్లేదు," అంటుంది.

ఆ సాయంత్రం కూడా ఇదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడు ఆ మేడ ఇల్లుగలావిడ ఆయాసపడుతూ కొట్లోకి వచ్చింది.

ఆవిడ మాటల మనిషి. కబురు చెప్పడానికి వస్తే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు వినాలి. సారాంశం ఏమిటంటే — ఇన్నాళ్ళకి పై ఇంటికి ఒక జంట దొరికింది. అమ్మాయి నర్సు, అబ్బాయి బేకరీలో పని. దూరం నుంచి వస్తున్నారు కనక ఈ ఇంటి సంగతి ఇంకా వాళ్ళకి తెలీదు. తెల్లారేసరికి సామానుతో దిగుతారు. ఆ ఇంటికున్న రెండు చెవుల్లో ఒకటి ఈమధ్యే పోయింది; ఇల్లు ఊడిపిద్దామని చూస్తే మేకుకి తగిలించిన రెండో చెవీ లేదు!

"చెవి పోతే ఇబ్బందేముందండీ?" అన్నాడు మామయ్య.

"అదొక్కటే అయితే నేనిలా పరుగెత్తుకొస్తానా? చెవి ఎవరు తీశారు? ఇంట్లో ఉండేది మేమిద్దరం. మా ఆయన చూస్తే రోజూలాగే నడక్కెళ్ళారు. ఎంత నడుస్తారో ఏమో, చీకటి పడ్డాక ఎప్పటికో వస్తారు. వచ్చేసరికి మొహం మాత్రం ఎంత తాజాగా ఉంటుందో!" అని, గొంతు తగ్గించి, "వచ్చేటప్పుడు పైకెళ్ళి చూశాను... మూలుగుతోంది," అంది.

బాబాయి చేతిలోంచి స్క్రూడ్రైవరు కింద పడింది. పడ్డ చప్పుడికి తనే ఉలిక్కిపడ్డాడు.

బాబాయికి ఆ తలుపుతో పాత పరిచయం. ఇదివరకు ఒకసారి చీకటి పడ్డాక అది రాకపోతే ఆవిడ ఈయన్నే పిలిచింది. తాళానికి చిల్లు పెట్టి విరగ్గొట్టాడు. తలుపు రాలేదు. కొత్త తాళం బిగించి, రేపు చూద్దామని చెప్పి వచ్చేశాడు. పొద్దున్నే ఆవిడ కొత్త చెవి పెడితే, ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది.

"ఆ తలుపు పుల్లలకి రాదు బావా. లోపలి గడియ. తలుపుకి చిల్లు పెట్టి గడియ కొయ్యాలి."

ఆవిడ కస్సుమంది. "ఆ తలుపు మా నాన్న చేత్తో చేసింది. కలప ఎంచి, చిత్రిక పట్టి, గాలి దూరే సందు లేకుండా అమర్చాడు. దానికి చిల్లు పడితే నువ్వు కాదు కదా, మీ అక్క అడిగినా ఊరుకోను. పుల్లయ్యా, నువ్వు రా."

బాబాయికి పౌరుషం వచ్చింది. "సరే, బావ చిల్లు పెట్టకుండా తియ్యమను చూద్దాం. తియ్యలేకపోతే ఆ బోర్డు దించాలి. నా బోర్డు ఎక్కాలి!"

బాబాయి బోర్డు అప్పటికే సిద్ధంగా బల్ల కింద ఉంది. "విరగ్గొడతాం. కొత్తది వేస్తాం." ఎర్రక్షరాలు.

మామయ్య అత్తయ్య వంక చూశాడు. వద్దంటుందని ఆశ. అత్తయ్య పుస్తకం మూసి, "అలాగే కానివ్వండి. రోజూ ఈ గోల నేను పళ్ళేను. ఒక్క మర ఊడకుండా, ఒక్క చిల్లు పడకుండా మీ చేత్తో మీరు తీస్తే నా బోర్డు ఉంటుంది. లేకపోతే వాడిది. నేనూ వస్తున్నా. మీ ఇద్దరి మాటా నమ్మను," అని టార్చి తీసుకుంది.

మామయ్య తోలుసంచి తీసుకుని, బోర్డు వంక ఒకసారి చూసి బయల్దేరాడు.

పై అంతస్తు నడవలో బల్బు ఎప్పుడో పోయింది. కొత్తది పెట్టడానికి ఎవరూ పైకి రారు కనక అలాగే ఉండిపోయింది. ముందు అత్తయ్య టార్చి, వెనక మామయ్య, ఆయన చొక్కా అంచు పట్టుకుని ఇల్లుగలావిడ. అందరికంటే వెనక, మెట్లకి దగ్గరగా, డ్రిల్లుని చంటిపిల్లాడిలా గుండెకి హత్తుకుని బాబాయి.

గోడవార మాష్టారి గొడుగు ఇంకా అలాగే ఆనించి ఉంది.

తలుపు ముందు నలుగురూ ఆగారు. ఎవరూ మాట్లాడలేదు. ఇల్లుగలావిడ కూడా మాట్లాడలేదంటే ఎంత భయం వేసిందో ఊహించుకోండి.

లోపల్నించి...

"ఘ్ర్ ర్ ర్..."

ఆగింది.

"...హూఁ..."

"అమ్మో!" అని బాబాయి గుసగుస. "అక్కా, నేను కింద వెలుతురుందో లేదో చూసొస్తా."

"నోరు మూసుకుని నుంచో," అంది అత్తయ్య.

మామయ్యకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆయన భయమంతా బోర్డు గురించే. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పుల్లలు తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకటి దూర్చాడు, రెండోది దూర్చాడు. తలుపు లాగేస్తే దానంతటదే పడే రకం తాళం. బాబాయి బిగించిందే. చిన్నగా కదిలించాడు... ఇంకాస్త...

టక్.

తాళం తిరిగింది. అత్తయ్య టార్చి వెలుగులో ఆయన మొహం వెలిగింది. పిడి పట్టుకుని తోశాడు.

తలుపు రాలేదు.

పై మూల నొక్కాడు. వెంట్రుకవాసి కదిలింది. కింది మూల నొక్కాడు. అక్కడా కదిలింది. నడుమ నొక్కాడు. గోడని నొక్కినట్టుంది.

"నడిమి గడియ," అన్నాడు నీరసంగా. "లోపల్నించి పడుంది."

పల్చటి రేకు తీసి తలుపుకీ చట్రానికీ మధ్య దూర్చబోయాడు. సందుంటేగా! ఆవిడ నాన్న పనితనానికి దండం పెట్టాలి — రేకు కాదు, వెంట్రుక కూడా దూరదు. సంచిలోంచి అయస్కాంతం తీసి తలుపు మీద ఆనించి పక్కకి జరిపాడు.

"గడియ ఇనపదేనా అండీ?"

"ఇత్తడి. మా నాన్న ఇనుము వాడేవాడు కాదు. ఇనుము తుప్పు పడుతుందని, ఒకసారి—"

"చాలండి," అన్నాడు మామయ్య. అయస్కాంతం సంచిలో పడేశాడు.

కిటికీ సంగతి చూద్దామంటే దానికి కటకటాలు. మడతబందులు చూద్దామంటే లోపలివైపు. మామయ్య సంచిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, ఒక్కొక్కటే లోపలికి పోయాయి. చెమట ముక్కు చివరినుంచి కారుతోంది. లోపల ఆ చప్పుడు ఆయన్ని వెక్కిరిస్తున్నట్టే ఉంది. ఘ్ర్ ర్ ర్... హూఁ...

చివరికి గోడకి చేరగిలబడ్డాడు.

"తాళం అన్నాక దానికి చెవి పెట్టే కన్నం ఉంటుంది. కన్నం ఉందంటే బయటివాడితో మాట్లాడ్డానికి ఒప్పుకున్నట్టే. ఆ కాస్త సందు ఇస్తే నేను బతిమాలుకుని తీస్తాను. లోపలి గడియకి కన్నం లేదే! అది బయటివాడితో మాట్లాడదు. లోపల ఉన్నవాళ్ళ మాటే వింటుంది. నా పని ఇక్కడితో సరి."

కింద కొట్లో వంకరగా గోడ పట్టుకున్న ఆ 'తెరుస్తాం' ఆయన కళ్ళ ముందు మెదిలింది. ఏడుపొచ్చిందని అత్తయ్య అంటుంది. చెమటని మామయ్య అంటాడు. అత్తయ్య మాటే ఖాయం.

"అయితే నేను గెలిచినట్టే," అన్నాడు బాబాయి మెట్ల మీదనుంచి. గెలిచినవాడి గొంతులా లేదు. గెలిస్తే ఆ తలుపు దగ్గరికి వెళ్ళి చిల్లు పెట్టాల్సింది తనేనని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

అప్పుడు అత్తయ్య అడిగింది.

"ఏమండీ... తట్టి చూశారా?"

మామయ్య బిత్తరపోయాడు. "తట్టడమేమిటే?"

"తలుపు. తట్టారా?"

నిజం చెప్పాలంటే, ఆ పనిలో దిగిన దగ్గర్నుంచీ మామయ్య ఏ తలుపూ తట్టలేదు. బాబాయీ తట్టలేదు. తాళాలవాళ్ళెవరూ తట్టరు. తియ్యడానికి లోపల ఎవరూ లేరనేగా వాళ్ళని పిలిచేది! వైద్యుడికి నాడి చూడ్డం ఎలాగో, వీళ్ళకి తట్టకపోవడం అలాగ.

"లోపల ఎవరుంటారని తట్టమంటావు?"

"మీరేగా చెప్పారు, లోపల్నించి గడియ పడుందని? పడుందంటే పెట్టినవాళ్ళున్నట్టేగా?"

ఆ మాట అందరి మనసులోనూ ఇందాకట్నించి ఉంది. పైకి అనకపోతే నిజం కాదన్నట్టు అందరూ కలిసి దాన్ని దాటేస్తున్నారు. అత్తయ్య పైకి అనేసింది.

"అక్కా... నీకు దండం పెడతా... తట్టించకే," అన్నాడు బాబాయి.

మామయ్య లేచాడు. బోర్డు పోతే పోయింది, పెళ్ళాం మాట ఎందుకు తీసెయ్యాలనుకున్నాడట. చెయ్యి ఎత్తాడు. అలవాటు లేని పని కదా, ఎంత గట్టిగా తట్టాలో కూడా తెలీలేదు. మర్యాదగా, వేళ్ళ కణుపులతో —

టక్... టక్... టక్.

లోపల చప్పుడు మారలేదు. ఘ్ర్ ర్ ర్... హూఁ...

ఒక్క క్షణం.

ఇంకో క్షణం.

కిర్ ర్ ర్...

తలుపుకి సరిగ్గా నడుమ. మామయ్య నొక్కిన చోట. ఇత్తడి మీద ఇత్తడి జారుతున్న చప్పుడు. నెమ్మదిగా... తొందర లేకుండా... చేతిలో పని పక్కన పెట్టి ఎవరో వచ్చి తీస్తున్నట్టు...

ఠక్.

తలుపు దానంతటదే లోపలికి తెరుచుకుంది.

బాబాయి అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి. డ్రిల్లుతో సహా మెట్ల మీంచి ఎగిరాడు. దారిలో రెయిలింగు కమ్మీకి ప్యాంటు తగులుకుని చర్రుమంది. ఆ చప్పుడు తనని పట్టుకున్న చెయ్యి చేసిందనుకుని మిగతా మెట్లు కాళ్ళతో కాకుండా వేరే విధంగా దిగాడు.

అత్తయ్య టార్చి లోపలికి తిప్పింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. గది ఖాళీ. ఆ చివర, కిటికీ కింద, నేల మీద... తెల్లగా... పొడుగ్గా... ఏదో కదులుతోంది.

అది లేచి కూర్చుంది.

తెల్ల దుప్పటి జారింది. దాని కింద బట్టతల, బనీను.

"ఓరి భగవంతుడా!" అంది ఇల్లుగలావిడ. "మీరా!"

ఆవిడ భర్తే. రోజూ నడక్కెళ్ళే పెద్దమనిషే. ఎక్కడికీ నడవడు. మేకుకున్న చెవి జేబులో వేసుకుని మెట్లెక్కి, ఈ ఇంట్లో దూరి, గడియ పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన కోరుకున్నది ఒక గంట నిశ్శబ్దం. అది మేడ మొత్తంలో ఈ ఒక్క గదిలోనే దొరికింది. మామూలుగా చెవి వేళకి మేకుకి చేరేది, ఆ రోజు ఒళ్ళు తెలీకుండా పడుకుండిపోయాడు. ఇక ఆ మూలుగు ఆయన గురకే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి ఎందుకు తెలీలేదంటారా? ఆవిడ మెలకువగా ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది కనక, ఆయన ఆవిడకంటే ముందు నిద్రపోయిందెప్పుడు!

అత్తయ్య నవ్వింది. మామయ్య నవ్వాడు. నవ్వి నవ్వి ఇద్దరూ గోడ పట్టుకున్నారు. ఇల్లుగలావిడ మాత్రం మొగుణ్ణి పట్టుకుని, ఇంత కాలం అద్దెకెవరూ రాకుండా చేశారు, మీ మూలంగా చచ్చిపోయిన మనిషికి చెడ్డపేరు అని ఝాడిస్తోంది. ఆయన అమాయకంగా ఆవిడ పెదాల వంక చూస్తూ, "ఆగు, ఆగు," అని తలగడ కిందనుంచి ఒక చిన్న డబ్బీ తీశాడు. అందులోంచి చెవిమిషన్ తీసి పెట్టుకున్నాడు.

"ఆఁ. ఇప్పుడు చెప్పు. ఏమంటున్నావ్?"

మామయ్య నవ్వు ఆగిపోయింది.

"ఏమండీ... తలుపు తట్టింది మీకు వినపడిందా?"

"తట్టారా? ఇది తీస్తే నాకు ఉరుము పడ్డా వినపడదయ్యా. కళ్ళలో టార్చి పడి లేచాను." ఆయన మామయ్యని మెచ్చుకోలుగా చూశాడు. "గడియ పెట్టానే! ఎలా తీశావయ్యా? గొప్ప పనివాడివి!"

నలుగురూ మెల్లిగా తలుపు వైపు తిరిగారు.

మామయ్య వెళ్ళి గడియ చూశాడు. పూర్తిగా వెనక్కి లాగి ఉంది. దాని పిడి కిందికి తిప్పి, గాడిలో పొందిగ్గా కూర్చోబెట్టి ఉంది. ఊపుకి జారిన గడియ సగంలో ఆగుతుంది. అలా తిరిగి కూర్చోదు. దానికి చెయ్యి కావాలి.

"మీరు తీశారా?" అంది అత్తయ్య చాలా నెమ్మదిగా.

ఇక్కడుంది చూడండి ఇరకాటం. తీశానంటే బోర్డు ఉంటుంది. కాదనేవాడు లేడు. తియ్యలేదంటే బోర్డు పోతుంది, పైగా మరి ఎవరు తీశారన్న ప్రశ్న అందరి మెడ మీదా కూర్చుంటుంది. అత్తయ్య కళ్ళు ఔననమనే చెప్తున్నాయట.

"లేదే. తాళం నేనే తీశాను. గడియ నేను తియ్యలేదు," అన్నాడు మామయ్య. తర్వాత, "నువ్వు రాసిన బోర్డు అబద్ధమాడి నిలబెట్టలేను," అన్నాడు.

కింద అంతస్తునుంచి ఒక కేక.

"తీశావు బావా! నువ్వే తీశావు! నేను చూశాను!"

"నువ్వెక్కడ చూశావురా? నువ్వు మెట్ల మీదున్నావ్!"

"వెనక్కి తిరిగి చూశాను! నీ చేత్తో నువ్వే తీశావు! నువ్వే గెలిచావు! నా బోర్డు పొయ్యిలో పెడతా! ఒప్పుకో బావా! నీకు పుణ్యముంటుంది, ఒప్పుకుని కిందికి రా!"

ఈనాటికీ ఇంతే. నువ్వే గెలిచావు మొర్రో అని బాబాయి అంటాడు, ఓడిపోయాను మొర్రో అని మామయ్య అంటాడు. ఓడినవాడు గెలిచావంటాడు, గెలిచినవాడు ఓడానంటాడు. ఇలాంటి పందెం ఇంకెక్కడైనా చూశారా?

తీర్పు అత్తయ్యదే కదా. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఖాళీ గదివైపు తిరిగి, "వెళ్ళొస్తామండీ," అంది. తలుపు దగ్గరికి వేసింది. మర్నాడు నిచ్చెన వేసుకుని ఎక్కింది. బోర్డు దించలేదు. మొదట్లో ఉన్న కాస్త చోటులో ఒక మాట ఇరికించింది. ఇప్పుడా బోర్డు ఇలా ఉంటుంది — "తడతాం. పగలగొట్టం. మార్చం. తెరుస్తాం." మామయ్య ఇప్పుడు ఏ తలుపు దగ్గరైనా ముందు తడతాడు. తాళంచెవి పోగొట్టుకున్న మనిషి పక్కనే నుంచుని నవ్వినా సరే, కాసేపు ఆగుతాడు.

ఇల్లుగలావిడ భర్త ఇప్పుడు తన ఇంట్లోనే చెవిమిషన్ తీసేసి పడుకుంటున్నాడు. ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది. ఇద్దరికీ బానే ఉంది.

ఇంతటితో అయిపోయేదే. కానీ మొన్న ఆ నర్సమ్మాయి కొట్టుకి వచ్చింది. పక్కనే నేనూ ఉన్నాను కనక ఇది మాత్రం నా చెవులతో విన్నది.

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకొకటి చెయ్యాలా అమ్మా?" అన్నాడు మామయ్య.

"వద్దండీ. ఇది మీ దగ్గరే ఉంచండి. మాకు అవసరం పడట్లేదు. తడితే వచ్చేస్తోంది."

మామయ్య చేతిలో పుల్ల ఆగిపోయింది.

"మీ ఆయన తీస్తాడేమోనమ్మా," అంది అత్తయ్య.

"నేను ఇంటికొచ్చే వేళకి ఆయన బేకరీలో ఉంటారక్కా. ఆయనొచ్చే వేళకి నేను ఆస్పత్రిలో ఉంటాను." ఆ అమ్మాయి తన తెల్ల కోటు చూపించింది. "ఇది చూడండి. వదులుగా ఉండి, చేతులు నా వేళ్ళు దాటి వేలాడేవి. ఒకరోజు మంచం మీద వదిలేసి వెళ్ళాను. వచ్చేసరికి ఇలా ఉంది. ఆయన కుట్టించారనుకున్నాను. నేను కుట్టుకున్నాననుకున్నారట ఆయన."

అత్తయ్య బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఆ కోటు భుజం పట్టుకుని చూసింది. చిన్న కుట్టు, దగ్గర కుట్టు, ఒక్కటీ తప్పిపోలేదు.

"భయం వెయ్యలేదా అమ్మా?"

"మొదట వేసిందక్కా," అని ఆ అమ్మాయి చేతులు చాచి తనే మురిసిపోయింది. "కానీ ఎంత బాగా కుదిరిందో చూశారా!"

అత్తయ్య వంగి, బల్ల కిందనుంచి ఒక మూట లాగి దులిపింది. ఆ రాత్రి మెట్ల దగ్గర చిరిగిన బాబాయి ప్యాంటు.

"అక్కా! వద్దే! నా ప్యాంటు వద్దే!" బాబాయి బల్ల మీంచి దూకబోయాడు. మామయ్య పట్టుకున్నాడు.

"ఇది కూడా ఆ మంచం మీద పెట్టి వెళ్ళమ్మా," అంది అత్తయ్య, మడత పెట్టి ఆ అమ్మాయి చేతికిస్తూ. "లోపలికెళ్ళేముందు తట్టడం మాత్రం మర్చిపోకు."

ఆ ప్యాంటు తిరిగొచ్చింది. ఇప్పుడు కొట్లో మేకుకి వేలాడుతోంది. ఎక్కడ చిరిగిందో కనిపెట్టడం నా వల్ల కాలేదు. పైగా నడుం దగ్గర కాస్త వదులు చేసుంది — బాబాయికి ఈ మధ్య పొట్ట వచ్చిన సంగతి మేమెవరమూ ఆ అమ్మాయికి చెప్పలేదు. బాబాయి దాని వంక కూడా చూడడు.

నమ్మకపోతే మీరే వచ్చి చూడండి. కొట్టు తలుపు తీసే ఉంటుంది. అయినా సరే... ఒకసారి తట్టి రండి.